తడిరాయి మీద బాణం

గుర్తులాయన చేతిగోళ్ల చుట్టూ పసుపు రంగు పేరుకుపోయి ఉంది. ఎంత తోమినా వదలని రంగు. కొండల మీదుగా రోజుల తరబడి సాగే ఆ కాలిబాట పొడవునా రాళ్ల మీద పసుపు బాణాలు గీసేది ఆయనే, వెలిసిపోతే మళ్లీ దిద్దేదీ ఆయనే. బాట మొదట్లో ఉన్న బస కూడా ఆయనదే. అక్కడ దిగే నడకగాళ్లెవరికీ ఆయన అసలు పేరు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

డిటెక్టివ్ ఆ చేతులనే చూస్తూ కూర్చుంది. వణుకు లేదు. మూడు కప్పుల్లో టీ పోస్తే బల్ల మీద ఒక్క చుక్క పడలేదు.

ఆమె పక్కన నల్లశాలువా కప్పుకుని కూర్చున్నావిడ మందుల షాపు నడుపుతుంది. అమ్మానాన్న పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. అతను నడకదారులకు మ్యాపులు తయారుచేసేవాడు. ముప్పై దాటినా ఆమె నోట "చిన్నోడే". కిందటి వారం ఇదే బాటలో, పాడుబడ్డ రాళ్ల క్వారీలో పడి చనిపోయాడు. పోలీసులు ప్రమాదమని రాసేశారు. ఆమెకు అది మింగుడుపడలేదు, అందుకే డిటెక్టివ్‌ని పిలిచింది. బసలో మిగిలిపోయిన తమ్ముడి సంచీ తీసుకెళ్లడానికి ఇవాళ తనూ వెంట వచ్చింది.

"ఆ రోజు ఎప్పుడు బయలుదేరాడు?" అంది డిటెక్టివ్.

"తెల్లారగానే అండీ. ఇవాళ్టిలాగే పొగమంచు. కాస్త తగ్గాక వెళ్లమన్నాను. కుర్రతనం, వింటారా?"

"మీరెక్కడున్నారు?"

"వంటింట్లో."

"ఎవరైనా చూశారా?"

"బసలో అతను తప్ప ఎవరూ లేరండీ. పొయ్యి చూసింది." గుర్తులాయన నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తనూ ఆపేశాడు.

"ముందురోజు రాత్రి మిమ్మల్ని ఏదో అడిగాడట."

ఆయన చూపు అక్క వైపు తిరిగింది. ఆమె శాలువా సర్దుకుంటూ చెప్పింది. "ఫోన్లో నాతో అన్నాడండీ. 'కాలేజీ రోజుల్లో నేను నడిచినప్పుడు దారి నేరుగా ఉండేది. ఇప్పుడు బాణాలు ఒకచోట ఊరికే చుట్టు తిరుగుతున్నాయి. ఎందుకో గుర్తులాయన్ని అడగాలి అక్కా' అన్నాడు."

"అడిగాడు. అక్కడ కొండచరియ విరిగింది, అందుకే బాణాలు చుట్టు తిప్పానని చెప్పాను. మూడేళ్లయింది."

"ఇంత పెద్ద బస మీరొక్కరే నడుపుతారా?"

ప్రశ్న దారి తప్పినట్టనిపించి ఆయన ఒక క్షణం ఆగాడు. "మా ఆవిడ ఉండేది. నడవడానికొచ్చినవాడెవడితోనో వెళ్లిపోయింది. ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు, నా పరువు ఎలా పోయిందో."

"అయ్యో. ఎప్పుడు?"

జవాబు రాకముందే వీధి తలుపు తోసుకుని, ఈ కేసు మూసేసిన ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. బూట్ల బురద గడప మీద రుద్దుతూనే మొదలుపెట్టాడు.

"డిపార్ట్‌మెంట్ వదిలేశాక మీకు కొండలెక్కే సరదా పట్టినట్టుంది మేడమ్."

"మోకాలు ఒప్పుకోదు గానీ, నువ్వు సరిగ్గా ఎక్కుంటే నేనెక్కే పని తప్పేది" అంది డిటెక్టివ్.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అతను ఆమె కిందే పని నేర్చుకున్నాడు. ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుందేమోనని ఇప్పటికీ అతనికి బెంగ. ముఖం ఎర్రబడింది. ఆమెకు జవాబివ్వకుండా అక్క ఎదుట కుర్చీ లాక్కుని, మెల్లగానే చెప్పాడు.

"చూడండమ్మా. మీ తమ్ముడి ఫోన్లో జీపీఎస్ గీత ఒకటుంది. అది పాత దారి. రాళ్ల మీద బాణాలు చూపించేది కొత్త దారి. పైన పెద్ద బండ దగ్గర బాట చీలుతుంది. అక్కడ బాణం ఎడమకి పొమ్మంటే ఫోన్ కుడికి పొమ్మంది. అతను ఫోన్ మాట విన్నాడు. కుడివైపు బాట సరాసరి క్వారీ అంచుకి పోతుంది. మంచులో అంచు కనబడలేదు. అంతే."

"వాడలా చెయ్యడు సార్." అక్క గొంతు పెంచలేదు. "ఫోనూ గుర్తూ చెరోమాట చెబితే వాడు అక్కడే ఆగిపోతాడు. ఫొటోలు తీస్తాడు, చుట్టూ తిరిగి చూస్తాడు. అసలు వచ్చిందే అలాంటి చోట్లు ఎన్నున్నాయో చూసుకోవడానికి. ఆ పని మీదొచ్చినవాడు గుడ్డిగా ఫోన్ వెనకాల పోతాడా?"

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. డిటెక్టివ్ అతని వైపు వంగింది.

"ఆ ఫోన్లోని జాడ మొత్తం నీ దగ్గరుందా?"

"ఉంది. కాపీ తీసుకున్నాం."

"ముందురోజుది కూడా?"

"ఉంది. చనిపోయింది మర్నాడు కదా, ముందురోజుది చూసి ఏం చెయ్యను?"

"నాతో ఆ బండ దాకా రా. అక్కడ నాకేమీ దొరక్కపోతే ఇంకెప్పుడూ నీ కేసుల్లో వేలు పెట్టను."

"నలుగురి ముందు అన్నారు మేడమ్. మాట తప్పకూడదు."

"ఈ మంచులో ఎందుకండీ శ్రమ?" అన్నాడు గుర్తులాయన ఖాళీ కప్పులు తీస్తూ. "రేపు ఎండ కాస్తుంది. హాయిగా వెళ్లి చూసుకోవచ్చు."

ఇంతసేపట్లో అడగకుండా ఆయన చెప్పిన మొదటి మాట అది. డిటెక్టివ్ అప్పటికే కర్ర అందుకుని లేచింది. అక్క మాత్రం రానంది. తమ్ముడు పడ్డ చోటు చూసే ధైర్యం తనకింకా రాలేదని తల దించుకుంది.

బస దాటిన కాసేపటికే వెనక ఏమీ లేకుండా పోయింది. చాచిన చెయ్యి కనిపిస్తోంది గానీ, చేతికి అవతల తెల్లటి గోడ. ఒక బాణం కళ్లబడేది. దాన్ని దాటి నాలుగడుగులు వేస్తే అది మాయమయ్యేది. ఇంకోటి కనబడేదాకా ఇద్దరూ నేల తడుముకుంటున్నట్టు నడిచేవాళ్లు. పిట్ట కూత లేదు, గాలి లేదు. తమ బూట్ల చప్పుడు కూడా పక్కనెవరో నడుస్తున్నట్టు వినిపిస్తోంది. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు ఆగి వెనక్కి చూశాడు. ఎందుకు చూశావని ఆమె అడగలేదు. తనూ చూసింది కాబట్టి.

"నేనొచ్చిన రోజు ఎండ ఫెళ్లుమంటోంది" అన్నాడతను, మౌనం భరించలేక. "ఆ బండని నాలుగువైపులా చూశాను. ఏమీ లేదు."

బండ మనిషెత్తు ఉంది. దాని ఎడమవైపు నుంచి వెడల్పాటి బాట కొండనెత్తి మీదికి ఎక్కుతోంది. కుడివైపు బాట సన్నగా కిందికి జారుతోంది. అటునుంచి, ఎక్కడో లోతులో, నీటిచుక్కలు నీళ్లలో పడుతున్న చప్పుడు. క్వారీ.

డిటెక్టివ్ ముందు ఎడమవైపు ఉన్న పసుపు బాణం దగ్గర వంగింది. రంగు బాగానే ఉంది. కానీ రాతి గుంటల్లో, చిన్నచిన్న పగుళ్లలో మట్టి ఇరుక్కుని ఉంది. గోటితో గీకి అతనికి చూపించింది.

"దీని మీద ఎవరో బురద మెత్తారు. తర్వాత కడిగారు. పైపైన కడిగితే పగుళ్లలోది పోదు."

"వానకి చిమ్మిన బురదేమో."

"బాణం మీదే చిమ్మిందా? పక్కన రాయి చూడు, శుభ్రంగా ఉంది."

ఆమె బండని చేత్తో తడుముతూ చుట్టూ తిరిగింది. కుడివైపుకి వచ్చాక ఆగిపోయింది.

మంచుకి తడిసి బండ ఆ వైపు నల్లగా ఉంది, నూనె రాసినట్టు. ఆ నలుపులో, సరిగ్గా కంటి ఎత్తులో, తడవని చోటు ఒకటి తెల్లబూడిద రంగులో తేలి కనిపిస్తోంది. పొడవాటి గీత, దాని కొసన రెండు రెక్కలు.

బాణం. క్వారీ వైపు చూపిస్తోంది.

"ఇది... ఇది లేదు మేడమ్. ఆ రోజు ఇది లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో ఎగతాళి ఎక్కడికో పోయింది.

"ఉంది. ఎండలో రాయి రంగులో కలిసిపోయింది, నీ తప్పు లేదు. రాయి నీళ్లు పీల్చి నల్లబడుతుంది, రంగు పీల్చదు." వేలితో ముట్టుకుంది. దాని మీద మంచునీరు ముత్యాల్లా నిలిచి జారిపోయింది. సంచీలోంచి తాళంచెవి తీసి గీరింది. బూడిద రంగు కింద పసుపు పొర బయటపడింది.

"ముందు పసుపు బాణం గీశాడు. పని అయిపోయాక దాని మీదే రాయి రంగు పూశాడు. అంచు దాటి ఒక్క చుక్క పోలేదు చూడు. అంత పొందిగ్గా పూసే చెయ్యి ఎవరిది?"

అతనికి ఇందాకటి టీ కప్పులు గుర్తొచ్చాయో లేదో గానీ, ఆ అంచు వెంట వేలు నడిపాడు.

"కానీ మేడమ్, బాణం కుడికి చూపించినా ముందురోజు ఎడమకి ఉండటం అతను చూసే ఉంటాడు కదా. అనుమానం రాదా?"

"ఆ మాట ఫోన్నే అడుగుదాం."

ఇన్‌స్పెక్టర్ తన ఫోన్లో చనిపోయినవాడి జాడ తెరిచాడు. నడిచిన దారంతా చుక్కల వరస. నడుస్తున్నప్పుడు చుక్కలు ఎడంగా పడ్డాయి, ఆగినప్పుడు ఒకేచోట కుప్పగా. ముందురోజు జాడలో ఇదే బండ దగ్గర చీమలు మూగినట్టు చుక్కలు. పాత దారికీ బాణానికీ పొత్తు కుదరక, అక్క చెప్పినట్టే, చాలాసేపు ఇక్కడే తచ్చాడాడు. మర్నాటి జాడలో బండ దగ్గర ఒక్క చుక్క కూడా అదనంగా లేదు. వచ్చినవాడు వచ్చినట్టే కుడికి తిరిగాడు. ఆ తర్వాత చుక్కలు కాసేపే ఉన్నాయి.

"ఆగలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "అంటే ఆ రోజు ఫోనూ బాణమూ ఒకే మాట చెప్పాయి."

"ఫోన్లో గీత పాత దారిదని నీకెవరు చెప్పారు?"

"గుర్తులాయన."

"ఆ గీత అతని ఫోన్లో ఎవరెక్కించారు?"

"బసకొచ్చిన ప్రతివాళ్లకీ ఆయనే..." మాట సగంలో ఆపేశాడు.

"రాత్రి ఈ కుర్రాడు అడిగాడు. ఆయనేం చెప్పి ఉంటాడు? 'బాణాలు మళ్లీ మారుస్తున్నాను, కొత్త దారి ఫోన్లోకి ఎక్కిస్తాను, పొద్దున్నే చూసుకో' అని ఉంటాడు. దారిచూపే మనిషే చెప్పాక వీడికి అనుమానం ఎందుకొస్తుంది? ఫోన్లో గీత ఆయనదే, బాణం ఆయనదే. వీడి ప్రాణానికి రెండువైపులా ఆయనే నిలబడ్డాడు."

"ఎందుకు మేడమ్? ఒక ప్రశ్న అడిగినందుకు మనిషిని చంపుతారా?"

"ఆ ప్రశ్నకి జవాబు ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందురోజు వీడు ఇక్కణ్ణుంచి ఎటు పోయాడో చూడు."

చుక్కల వరస ఎడమకీ పోలేదు, కుడికీ పోలేదు. నేరుగా బండ వెనక్కి పోయింది. అక్కడ ముళ్లపొదలు తప్ప ఏమీ లేవు.

పొదల్ని కర్రతో పక్కకి నెడితే వాటి వెనక నేల గట్టిగా తగిలింది. ఒకప్పుడు చాలా కాళ్లు తొక్కిన నేల. ఫోన్ ముందు పట్టుకుని ఇన్‌స్పెక్టర్, అతని భుజం పట్టుకుని డిటెక్టివ్, ఇద్దరూ కదిలారు. దారిపక్క రాళ్ల మీద అక్కడక్కడా ఉలితో చెక్కేసిన మచ్చలు. పాత బాణాలు ఉన్న చోట్లు. బాణాలు మార్చడం వేరు, ఒకప్పుడు దారి ఉందన్న ఆనవాలే లేకుండా చెయ్యడం వేరు.

కొండచరియ కోసం ఆమె చూస్తూనే ఉంది. ఎక్కడా విరగలేదు. వాలు మీద పెద్దపెద్ద చెట్లు, వేళ్లు కూడా కదలకుండా నిలబడి ఉన్నాయి.

కాస్త పోయాక పక్కనుంచి ఒక సన్నటి అడుగుల దారి వచ్చి కలిసింది. ఒక్క మనిషి రోజూ నడిచి వేసిన దారి. దాని మీద గడ్డిపరక మీద ఒకటి, రాయి మీద ఒకటి, చిట్టి పసుపు రంగు మరకలు. ఇద్దరూ వాటిని చూశారు.

ఫోన్లో చుక్కలు మళ్లీ కుప్పగా పడ్డ చోట మంచులోంచి రాతిగోడ ఒకటి బయటికొచ్చింది. గొర్రెల కాపరులు ఎప్పుడో కట్టుకున్న కొట్టం. కిటికీలు ఇటుకలతో మూసేసి ఉన్నాయి. తలుపుకి బయట కొత్త తాళం. గడప పక్కన ఒక పళ్లెం, గ్లాసు కడిగి బోర్లించి ఉన్నాయి.

డిటెక్టివ్ కర్ర గడపకి తగిలి చప్పుడైంది.

"ఇవాళ తొందరగా వచ్చారే" అంది లోపల్నుంచి ఒక ఆడగొంతు. "బసలో ఎవరూ దిగలేదా?"

ఇన్‌స్పెక్టర్ ఒకడుగు వెనక్కి వేశాడు. డిటెక్టివ్ తలుపు దగ్గరికి వంగింది.

"అమ్మా, మేము ఆయన కాదు. పోలీసులం."

లోపల నిశ్శబ్దం. ఎంతసేపైందంటే, గొంతు విన్నది నిజమేనా అని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నిజంగా ఉన్నారా?" అంది ఆ గొంతు చివరికి. "ఉంటే తలుపు కొట్టండి."

డిటెక్టివ్ కొట్టింది.

"ఇంకోసారి."

మళ్లీ కొట్టింది. లోపల్నుంచి ఏడుపు మొదలైంది, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడుస్తున్నట్టు. ఇన్‌స్పెక్టర్ పెద్ద రాయి ఎత్తి తాళం మీద మోదాడు. మూడో దెబ్బకి గొళ్లెం ఊడొచ్చింది.

బయటికొచ్చిన మనిషి ఆ మసక వెలుతురుకే కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జుట్టు కత్తెరతో ఎడాపెడా కత్తిరించి ఉంది. చర్మం తెల్లకాగితంలా పాలిపోయింది. గోడకి ఆనుకుని నిలబడి, ముందు డిటెక్టివ్ ముఖాన్ని, తర్వాత తన అరచేతిని, మళ్లీ ముఖాన్ని చూసింది.

"నేను ఎవరితోనూ వెళ్లిపోలేదండీ" అంది. "వెళ్లిపోతానని అన్నాను, అంతే. ఆయన అలా చెప్పాడా ఊళ్లో? నాతో అన్నాడు, అందరూ నమ్మారని."

ఇన్‌స్పెక్టర్ తల తిప్పుకున్నాడు. మూడేళ్ల కిందట ఆ కబురు విని స్టేషన్లో నవ్వుకున్నవాళ్లలో అతనూ ఉన్నాడు. తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు.

"ఆ మధ్య ఒకతను దగ్గరదాకా వచ్చాడు" అందామె, కోటు గుండెకి అదుముకుంటూ. "ఎవరైనా ఉన్నారా అని పిలిచాడు. పలికాను. గాలి ఎదురుగా ఉంది, వినబడలేదేమో. చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఈయనొచ్చి అడిగాడు, వాడికి పలికావా అని. లేదన్నాను. నమ్మలేదు. అతను బాగున్నాడా?"

"అతను చూపించిన దారినే వచ్చామమ్మా" అంది డిటెక్టివ్. అంతకన్నా చెప్పలేకపోయింది. "నడవగలవా?"

"నడుస్తాను. పాకమన్నా పాకుతాను."

తిరుగుదారిలో ఆమెను మధ్యలో పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ కదిలారు. పొదలు దాటి బండ వెనక్కి వచ్చేసరికి డిటెక్టివ్ చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది. బస వైపునుంచి ఎవరో వస్తున్నారు. రెండు జతల బూట్లు.

"ఇంకా ఎంత దూరమండీ?" అక్క గొంతు. ఆయాసపడుతోంది.

"వచ్చేశాం తల్లీ." గుర్తులాయన గొంతు, ప్రేమగా. "ధైర్యం చేసి వచ్చారు, మంచిపని చేశారు. చూడకపోతే జన్మంతా మనసు పీకుతూనే ఉంటుంది. ఇలా కుడివైపు నేరుగా నడవండి. నాలుగడుగులు వేస్తే మీ తమ్ముడు ఆఖర్న నిలబడ్డ చోటు. నేను బూటు తాడు కట్టుకుని వస్తాను."

డిటెక్టివ్‌కి ఒక్కసారిగా అంతా అర్థమైంది. ముందురోజు జాడ గురించి తను బసలో అడగడం ఆయన విన్నాడు. వీళ్లు కొట్టం దాకా పోతారని భయపడ్డాడు. క్వారీలోంచి ఒక ఆడమనిషి కేక వినిపిస్తే ఇద్దరూ అటే పరిగెడతారు. కొట్టానికి దారి ఆయనకి ఖాళీ అవుతుంది. తామప్పుడే పోయి తిరిగొచ్చారని ఆయనకి ఇంకా తెలియదు.

అక్క బూట్లు కుడివైపు బాట మీద కంకర నలుపుతూ కదిలాయి. ఒకటి, ఇంకొకటి. డిటెక్టివ్ నోరు తెరిచేలోపే ఆమె పక్కనుంచి ఆ పాలిపోయిన మనిషి బండ చాటు దాటి ముందుకొచ్చి మాట్లాడింది. అరవలేదు, వాకిట్లో పక్కింటావిడతో అన్నట్టు అంది.

"అటు వెళ్లకండమ్మా. అటు నేల లేదు."

బూట్ల చప్పుడు ఆగిపోయింది. కొండ మొత్తం ఆగిపోయినట్టయింది.

"మంచులో ఇలాంటి గొంతులు వినబడుతూనే ఉంటాయి" అన్నాడు గుర్తులాయన కొంచెం ఆగి. అదే ప్రేమ, కానీ ఇప్పుడా గొంతు ఎండిపోయి ఉంది. "నాకు మూడేళ్లుగా అలవాటే. పట్టించుకోకండి తల్లీ. నడవండి."

"గొంతు కాదండీ" అంది అక్క. "నాకు మనిషి కనిపిస్తోంది."

డిటెక్టివ్ మోకాలి సంగతి మరిచిపోయి బండ చుట్టూ తిరిగి దూకింది. అక్క చెయ్యి దొరకబుచ్చుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ బండకి గుద్దుకుని కూలబడ్డారు. వాళ్ల కాళ్ల కింద జారిన కంకర గులకలు దొర్లుకుంటూ పోయి, కాసేపు ఏ చప్పుడూ లేకుండా, తర్వాత ఎక్కడో కింద నీళ్లలో పడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ టార్చి వెలిగించి గుర్తులాయన గొంతు వినిపించిన వైపు తిప్పాడు. వెలుగు తెల్లగోడని కొట్టి అక్కడే ఆగిపోయింది. మనిషి లేడు. పరిగెత్తిన అలికిడి కూడా లేదు.

"ఎటు పోతాడు, పట్టుకుంటాను" అంటూ అతను కదలబోయాడు. కోటు చేతుల్లోంచి సన్నటి వేళ్లు బయటికొచ్చి అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాయి.

"వెళ్లకండి" అంది ఆమె, చెవిలో చెప్పినంత నెమ్మదిగా. "ఆయన పారిపోడు. మంచులో ఎవరినైనా పట్టుకోవాలంటే కదలకుండా నిలబడి వింటాడు. నేను రెండుసార్లు తప్పించుకున్నాను. రెండుసార్లూ నా ఊపిరి విని పట్టుకున్నాడు."

ఇన్‌స్పెక్టర్ ఎత్తిన కాలు మెల్లగా దించాడు. టార్చి ఆర్పేశాడు. నలుగురూ తడిబండకి వీపులు ఆనించి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఊపిరి బిగబట్టారు.

చాలాసేపు క్వారీలో నీటిచుక్కలు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత, వాళ్లు అనుకున్నదానికన్నా చాలా దగ్గరగా, ఎవరో బిగబట్టిన ఊపిరి నెమ్మదిగా వదిలారు.